ఫేస్‌లిఫ్ట్, నెక్‌లిఫ్ట్ చేయించుకున్నా: మొదట్నించీ నా అనుభవం

నా వయసు 58, మాది విజయవాడ. కిందటేడు చలికాలంలో హైదరాబాద్‌లో ఫేస్‌లిఫ్ట్, నెక్‌లిఫ్ట్, పై కనురెప్పల సర్జరీ మూడూ ఒకేసారి చేయించుకున్నా, పనిలో పనిగా బరువు బుట్టలు పెట్టీ పెట్టీ సాగిపోయిన చెవి తమ్మెలు కూడా కుట్టించుకున్నా. సినిమావాళ్ళ కబుర్లు తప్ప మామూలు ఇంటి ఆడవాళ్ళు తెలుగులో ఈ విషయం రాయగా నేను చూళ్ళేదు, అప్పట్లో నేను వెతుక్కున్నప్పుడు ఇలాంటిది ఒక్కటి దొరికినా ఎంతో ధైర్యంగా ఉండేది, అందుకే గుర్తున్నదంతా రాస్తున్నా.

ముందు ఎందుకు అనేది చెప్తా. షుగర్ వచ్చాక అన్నం తగ్గించి, పొద్దున్నే నడక పెట్టుకుని బాగా బరువు తగ్గాను. షుగర్ కంట్రోల్లోకొచ్చింది, మోకాళ్ళ నొప్పి తగ్గింది, అంతా బాగుంది కానీ ముఖం మాత్రం జారిపోయింది. దవడల దగ్గర రెండువైపులా సంచుల్లాగా, గడ్డం కింద చర్మం వేలాడుతూ, మెడ మీద నిలువుగా రెండు తాళ్ళు. ఏ పెళ్ళికెళ్ళినా "ఏమ్మా ఒంట్లో బాగుండట్లేదా, అలా పీక్కుపోయావేంటి" అనేవాళ్ళే. నా జన్మలో ఎప్పుడూ లేనంత ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో అందరూ నన్ను రోగిష్టిదాన్ని చూసినట్టు చూస్తుంటే బాధగానే ఉండేది. ముప్పై ఏళ్ళ దానిలా కనపడాలని నాకు లేదు, ఒంట్లో ఉన్న ఓపిక ముఖంలో కూడా కనపడితే చాలనుకున్నా. మావారు మొదట్లో "ఈ వయసులో కోతలు అవసరమా" అన్నారు. మా వదిన అయితే మనవడు పుట్టాక ఇదేం సోకు అని ముఖం మీదే అనేసింది. పళ్ళు కట్టించుకుంటే ఎవరూ ఏమీ అనరు, జుట్టుకి రంగేస్తే ఏమీ అనరు, మెడ దగ్గరికొచ్చేసరికే వయసు గుర్తొస్తుందెందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

మొదట మా ఊళ్ళోనే ఒక స్కిన్ క్లినిక్‌కి వెళ్ళా. అక్కడ డాక్టర్ రాకముందే కౌన్సెలర్ అని ఒకమ్మాయి కూర్చోబెట్టి హైఫూ, థ్రెడ్స్, ఫిల్లర్స్ అని కోత లేని పద్ధతులన్నీ కలిపి ప్యాకేజీ, ఈ వారంలో కడితే డిస్కౌంట్ అని మొదలుపెట్టింది, నా మెడ వైపు సరిగ్గా చూడను కూడా చూడలేదు. నేను ఒకటే అడిగా, అమ్మా ఈ వేలాడే చర్మం ఎక్కడికి పోతుంది, అని. దానికి సమాధానం రాలేదు, మళ్ళీ డిస్కౌంట్ దగ్గరికే వెళ్ళింది. లేచి వచ్చేశా. తర్వాత తెలిసినవాళ్ళ ద్వారా ఒక డెర్మటాలజిస్టు గారి దగ్గరికి వెళ్తే ఆవిడ బుగ్గ, మెడ పట్టుకుని చూసి "ఇది నా పని కాదండీ, సర్జన్ పని, నేను మెషీన్లు పెడితే మీ డబ్బు పోవడం తప్ప ఏం ఉండదు" అని సూటిగా చెప్పేశారు. ఆవిడకి నేను ఎప్పటికీ రుణపడి ఉంటా.

ఆవిడ విడమరిచి చెప్పింది, తర్వాత సర్జన్ గారు చెప్పింది కలిపి నాకు అర్థమైంది ఇది. వయసొచ్చేకొద్దీ ముఖంలో జారేది చర్మం ఒక్కటే కాదు. ఎముక కాస్త అరుగుతుంది, బుగ్గల్లో కొవ్వు కొన్నిచోట్ల కరిగి కొన్నిచోట్ల కిందికి దిగుతుంది, చర్మం కింద ఉండే స్మాస్ అనే పొర వదులవుతుంది, అదే మెడలోకొచ్చేసరికి ప్లాటిస్మా అనే పల్చటి కండరం, అది గడ్డం కింద మధ్యలో విడిపోయి దాని అంచులే తాళ్ళలాగా పైకి కనపడతాయి. ఆడవాళ్ళకి నెలసరి ఆగిపోయాక మొదటి కొన్నేళ్ళలోనే చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్ బాగా పడిపోతుంది. ఇక నాలాగా బరువు తగ్గినవాళ్ళకి లోపల నింపు కూడా పోతుంది. కాబట్టి ఎవరికి ఏ పొరలో తేడా వచ్చిందో చూసి దానికి తగ్గ పని చెయ్యాలి గానీ అందరికీ ఒకటే మందు ఉండదు.

బొటాక్స్ ఇంజెక్షన్ ఉందనుకోండి, అది కండరం లాగడాన్ని తగ్గిస్తుంది, కనుబొమ్మల మధ్య గీతలకి అమెరికాలో మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ 2002 లోనే ఒప్పుకుంది, మెడ మీద తాళ్ళకి మాత్రం 2024 లో ఒప్పుకుంది. మూడు నాలుగు నెలలకి మళ్ళీ చేయించుకోవాల్సిందే, పైగా చర్మం వేలాడుతుంటే అది ఏమీ చెయ్యలేదు. ఫిల్లర్ అంటే తగ్గిన నింపు మళ్ళీ పెట్టడం, ఎక్కువగా హైలురోనిక్ యాసిడ్‌వి వాడతారు, నచ్చకపోతే ఇంకో ఇంజెక్షన్‌తో కరిగించొచ్చు, కానీ పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే చర్మం చచ్చిపోవచ్చు, చాలా అరుదుగా చూపు కూడా పోవచ్చు. దయచేసి బ్యూటీ పార్లర్లలో మాత్రం చేయించుకోకండి, ఈ ఒక్క మాట గట్టిగా చెప్తున్నా. హైఫూ అంటే అల్ట్రాసౌండ్ వేడితో లోపలి పొర బిగిసేలా చెయ్యడం, నలభైల్లో కొంచెం వదులున్నవాళ్ళకి కొద్దిగా తేడా తెలుస్తుందట. థ్రెడ్స్ అంటే చర్మం కింద దారాలు పెట్టి పైకి లాగడం, ఎక్కువగా వాడే పీడీఓ రకం దారాలు కొన్ని నెలల్లో లోపలే కరిగిపోతాయి, బరువైన చర్మాన్ని అవి ఎక్కువ కాలం మొయ్యలేవు. చిన్న వయసు, చర్మం బిగువుగా ఉండి గడ్డం కింద కొవ్వు మాత్రమే ఉంటే దాన్ని పీల్చి తీసేసే లైపోసక్షన్ ఒక్కటే సరిపోతుంది. నాకు అదే చేస్తే కొవ్వు పోయి చర్మం ఇంకా వేలాడేదట.

ఇక సర్జన్‌ని ఎంచుకోవడం. నా లెక్కలో సర్జరీ కంటే కష్టమైన భాగం ఇదే. కాస్మెటిక్ సర్జన్ అని బోర్డు పెట్టుకున్న ప్రతివాళ్ళూ ప్లాస్టిక్ సర్జన్ కాదు. ఎంసీహెచ్ ప్లాస్టిక్ సర్జరీ గానీ డీఎన్‌బీ ప్లాస్టిక్ సర్జరీ గానీ డిగ్రీ ఉండాలి, మా అమ్మాయి స్టేట్ మెడికల్ కౌన్సిల్లో వాళ్ళ పేర్లు రిజిస్టరై ఉన్నాయో లేదో చూసింది. కంటిరెప్పలకైతే ఓక్యులోప్లాస్టీ, అంటే కంటి చుట్టూ చేసే ప్లాస్టిక్ సర్జరీ, నేర్చుకున్న కంటి డాక్టర్లు కూడా చేస్తారు. నేను ఒకరికంటే ఎక్కువమందినే కలిశా, అందర్నీ ఒకే ప్రశ్నలు అడిగా: ముక్కు, లైపోసక్షన్ కాకుండా ఫేస్‌లిఫ్టులే మీరు తరచూ చేస్తారా, మన రంగు ఉన్న నా వయసు వాళ్ళ ఫోటోలు, అదీ ఏడాది తర్వాతవి ఉన్నాయా, మత్తు డాక్టర్ ఎవరు, ఆస్పత్రిలో ఐసీయూ ఉందా, రాత్రి రెండింటికి మెడ వాస్తే ఫోన్ ఎవరు ఎత్తుతారు. ఒకాయన ఈ చివరి ప్రశ్నకి చిరాకుపడ్డారు, ఆయన్ని వదిలేశాం. నేను చేయించుకున్న సర్జన్ గారు ఆ ప్రశ్నకి తన సొంత నంబర్ రాసిచ్చారు.

ఆయన చూసిన పద్ధతి నాకు నచ్చింది. అద్దం నా చేతికిచ్చి "మీకు ఏది ఇబ్బందిగా ఉందో మీరే చూపించండి" అన్నారు. పళ్ళు బిగబట్టి "ఈ..." అనమన్నారు, మెడ మీద తాళ్ళు ఎంత లేస్తాయో చూశారు, గడ్డం కింద కొవ్వు కండరానికి పైన ఉందా కింద ఉందా అని నొక్కి చూశారు. ఇది మీకు కావాలా ఇంట్లోవాళ్ళెవరైనా చేయించుకోమన్నారా అని విడిగా అడిగారు, ఎవరి కోసమో వచ్చేవాళ్ళకి ఆయన చెయ్యరట. పాతకాలంలో చర్మం మాత్రమే లాగి కుట్టేవాళ్ళు కాబట్టే ఆ లాగేసిన ముఖాలు వచ్చేవి, గలీబు ఎంత బిగించినా లోపల దూది జారిపోతే దిండు సర్దుకోదు కదమ్మా అన్నారు. స్మాస్ పొర గురించి పారిస్‌లో మిట్జ్, పెరోనీ అనే డాక్టర్లు 1976 లో రాశాకే లోపలి పొరని ఎత్తి కుట్టడం పెరిగిందట, 1990 లో అమెరికాలో హామ్రా అనే ఆయన ఇంకా లోతుగా డీప్ ప్లేన్ పద్ధతి రాశారు. ఇప్పుడు ఎక్కడ చూసినా డీప్ ప్లేన్ పేరే వినపడుతుంది గానీ పద్ధతి పేరు కంటే చేసే చెయ్యి ముఖ్యం, మీ ముఖానికి ఏది సరిపోతుందో అదే చేస్తాను అన్నారు. నాకు స్మాస్ ఎత్తి బిగించడం, గడ్డం కింద చిన్న కోతతో ప్లాటిస్మా అంచులు రెండూ కలిపి కుట్టడం అని తేల్చారు.

ఏమేం పోవో కూడా ఆయనే చెప్పారు, అది చాలా ముఖ్యం. ముక్కు పక్కన గీతలు తగ్గుతాయి గానీ మాయమవ్వవు. పెదాల చుట్టూ సన్న గీతలు, మంగు మచ్చలు సర్జరీతో పోవు. వాటికి గట్టి లేజర్లు, పీల్స్ చేస్తే మన రంగు చర్మానికి నల్లమచ్చలు పడే ప్రమాదం ఎక్కువ కాబట్టి నిదానంగా చూసుకోవాలి.

ఖర్చు సంగతి. కలిసినవాళ్ళు చెప్పిన రేట్లు రెండున్నర లక్షల నుంచి ఐదు లక్షల దాకా ఉన్నాయి, దాని మీద 18 శాతం జీఎస్టీ, ఎందుకంటే అందం కోసం చేసే సర్జరీకి మామూలు వైద్యానికున్న మినహాయింపు లేదు. హెల్త్ ఇన్సూరెన్స్ కూడా రాదు, పాలసీ కాగితంలోనే కాస్మెటిక్ సర్జరీ మినహాయింపు అని ఉంటుంది. రేటు అడిగేటప్పుడు మత్తు డాక్టర్ ఫీజు, రూము, టెస్టులు, తర్వాత వేసుకునే బిగుతు పట్టీ కలిపా విడిగానా అని తప్పకుండా అడగండి. నేను నా రిటైర్మెంట్ డబ్బుల్లోంచి ఒక ఎఫ్‌డీ తీసి కట్టా, ఎవర్నీ అడగాల్సిన పని లేకపోవడం మనసుకి హాయిగా అనిపించింది.

ముందు టెస్టులు చాలా చేశారు. ఈసీజీ, టూడీ ఎకో, రక్తం గడ్డకట్టే టెస్టులు, మూడు నెలల షుగర్. షుగర్ బాగా లేకపోతే గాయం మానదు, వాయిదా వేస్తాను అని ముందే చెప్పారు. బీపీ సంగతి ఇంకా గట్టిగా చెప్పారు. ఈ సర్జరీలో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ఇబ్బంది లోపల రక్తం చేరడం, అది ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే వస్తుంది, బీపీ ఉన్నవాళ్ళకి ఇంకా ఎక్కువ, మగవాళ్ళకి కూడా ఎక్కువ. నేను వేసుకునే ప్రతిదీ రాసివ్వమన్నారు, చేప నూనె మాత్రలు, విటమిన్ ఈ, వెల్లుల్లి క్యాప్సూల్స్, ఆయుర్వేదం చూర్ణాలు కూడా. వీటిలో చాలావి రక్తాన్ని పల్చబరుస్తాయట, రెండు వారాల ముందే ఆపించారు. గుండెకి వేసుకునే ఎకోస్ప్రిన్ లాంటి రక్తం పల్చబరిచే మాత్రలు గుండె డాక్టర్ని అడక్కుండా సొంతంగా మాత్రం ఆపకూడదు. పొగ తాగేవాళ్ళకి కనీసం నెల ముందు మానకపోతే చెయ్యనని చెప్తారట, నికోటిన్ వల్ల సన్న రక్తనాళాలు ముడుచుకుని చెవి వెనక చర్మం నల్లబడి చచ్చిపోవచ్చు. శ్రీకాకుళం, విజయనగరం వైపు పెద్దాడవాళ్ళు కొంతమందికి చుట్ట అలవాటు ఉంటుంది కదా, మా అమ్మమ్మ వాళ్ళ వైపు కూడా ఉండేది, అలాంటి విషయం సిగ్గుపడి దాచొద్దు. కనురెప్పల కోసం కంటి డాక్టర్ దగ్గర కన్నీళ్ళ టెస్ట్ కూడా చేయించారు, కింది రెప్పలో చిన్న కాగితం ముక్క పెట్టి ఎంత తడుస్తుందో చూస్తారు. కళ్ళు పొడిబారే జబ్బుంటే రెప్పల సర్జరీ తర్వాత అది ముదరొచ్చు. చెవులు కుట్టించుకున్నప్పుడు గడ్డలాగా లేచిందా అని కూడా అడిగారు, కీలాయిడ్ వచ్చే చర్మమా అని తెలుసుకోవడానికి.

సర్జరీ రోజు కూర్చోబెట్టే గుర్తులు గీశారు, పడుకుంటే జారుడంతా వెనక్కి పోయి కనపడదు కాబట్టి. జుట్టేమీ గొరగలేదు, కోత వచ్చే చోట పాయలు తీసి కట్టారు. కోత కణతల దగ్గర జుట్టులో మొదలై చెవి ముందు మడతలోంచి తమ్మె చుట్టూ తిరిగి చెవి వెనక నుంచి జుట్టులోకి పోతుంది. ఫుల్ మత్తే ఇచ్చారు, దాదాపు ఐదు గంటలు పట్టిందని మావారు చెప్పారు. లేచేసరికి తల చుట్టూ కట్టు, చెవుల వెనక రెండు సన్న ట్యూబులు, లోపల చేరే రక్తం బయటికి రావడానికి. నొప్పి నేను భయపడ్డంత లేదు నిజంగా, బిగుతు మాత్రం చాలా ఉంది, ఎవరో మెడ చుట్టూ చెయ్యేసి పట్టుకున్నట్టే. మత్తు ట్యూబు వల్ల గొంతు మంట. ఆ రాత్రంతా సిస్టర్ వచ్చి బీపీ చూస్తూనే ఉంది, వాంతి వస్తే బీపీ పెరిగి రక్తం కారుతుందని వాంతికి ముందే ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ అమ్మాయి ప్రతిసారీ "ఒకవైపే బిగుసుకుపోతున్నట్టు, ఒకవైపే నొప్పి పెరుగుతున్నట్టు ఉంటే వెంటనే చెప్పండి అమ్మా" అనేది. ఇది మీరూ గుర్తుపెట్టుకోండి, రెండువైపులా సమానంగా వాపు మామూలే, ఒకవైపు హఠాత్తుగా ఉబ్బితే మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు.

మొదటి వారం గురించి ఎవరూ అందంగా చెప్పలేరు. కళ్ళు సన్నగా గీతల్లాగా అయిపోయాయి, కమిలిన రంగు మెడ మీంచి ఛాతీ దాకా దిగింది, నీలంగా ఉండి తర్వాత పసుపయింది. ఏడుపొచ్చేది, ఎందుకొస్తుందో తెలిసేది కాదు. మొదటి వారం పది రోజులు మనసు కుంగుతుంది, చాలామందికి వస్తుంది, అని సర్జన్ గారు ముందే చెప్పారు కాబట్టి తట్టుకున్నా. అన్నిటికంటే భయపెట్టింది ఏంటంటే కింది పెదవి ఎడమవైపు సరిగ్గా కదల్లేదు, నవ్వితే మూతి వంకరగా పోయేది. ఆయన చూసి నరం తెగలేదమ్మా, వాపుకి, లాగుడికి నీరసపడింది, వస్తుంది అన్నారు. వచ్చింది, కానీ రెండు నెలలు దాటాకే పూర్తిగా వచ్చింది, ఆ రెండు నెలలూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటూనే ఉన్నా. ముఖ నరం ఎప్పటికీ దెబ్బతినడం అరుదు గానీ అసలు ఉండదని ఎవరైనా అంటే నమ్మకండి. చెవులు, బుగ్గలు మొద్దుబారడం అయితే అందరికీ ఉంటుందట, దువ్వెన చెవికి తగిలినా నాకు తెలిసేది కాదు, అందుకే వేడి డ్రయ్యర్ అస్సలు వాడొద్దన్నారు, కాలినా తెలియదు.

ఇంటి సంగతులు కొన్ని చెప్తా, ఇవి డాక్టర్లు రాసిచ్చే కాగితంలో ఉండవు. తల ఎత్తుగా పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి, పక్కకి తిరగకూడదు, మా అమ్మాయి అటూ ఇటూ దిండ్లు పెట్టేది. ఉప్పు ఎక్కువైతే వాపు తగ్గదు కాబట్టి ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు అన్నీ బంద్. గట్టిగా నమిలేవి వద్దు, మెత్తగా కలిపిన పప్పన్నం, పెరుగన్నం, సొరకాయ కూర. తల మీంచి వేసుకునే నైటీలు పనికిరావు, ముందు గుండీలవి కొనుక్కోండి. వంగి ముగ్గు పెట్టడం, మనవణ్ణి ఎత్తుకోవడం కొన్ని వారాలు లేదు, వాడు చేతులు చాపితే ఎత్తుకోలేకపోవడం నాకు నొప్పి కంటే కష్టమైంది. జుట్టుకి రంగు సర్జరీకి ముందే వేసుకోండి, తర్వాత నెల పైన వెయ్యనివ్వరు. తోడుగా ఒక మనిషి మాత్రం తప్పనిసరి, ఒంటరిగా ఉండేవాళ్ళు ఎవర్నైనా కుదుర్చుకున్నాకే డేట్ తీసుకోండి.

కుట్లు విడతలుగా తీశారు, రెప్పలవి ముందు, చెవి వెనకవి చివర. రెండు వారాలు దాటాక చున్నీ కప్పుకుని రైల్లో విజయవాడ వచ్చేశా. చెవి ముందు గీత ఇప్పుడు వెతికితే తప్ప కనపడదు, కుడి చెవి వెనక మాత్రం కొంచెం లావుగా ఎర్రగా లేచింది, దానికి సిలికాన్ జెల్, తర్వాత స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే అణిగింది. మన చర్మాలకి ఇది మామూలే, చూసీ చూడనట్టు వదిలెయ్యకుండా వెంటనే చూపించాలి. మా ఎండలకి సన్‌స్క్రీన్ రాయకుండా గడప దాటట్లేదు.

అసలు ముఖం మూడో నెల తర్వాతే కనపడింది. దవడ గీత మళ్ళీ వచ్చింది, మెడ మీద తాళ్ళు పోయాయి, రెప్పలు పైకెళ్ళడంతో పేపర్ చదివేటప్పుడు నుదురు ఎత్తిపెట్టాల్సిన పని తప్పింది, సాయంత్రమయ్యేసరికి వచ్చే తలనొప్పి కూడా తగ్గింది, అది నేను అసలు ఊహించని లాభం. ముక్కు పక్కన గీతలు ఆయన చెప్పినట్టే ఉన్నాయి. ఇది శాశ్వతం కాదు, ఏడు నుంచి పదేళ్ళు అంటారు, బరువు పెరిగీ తగ్గీ చేస్తే అంతకంటే ముందే జారొచ్చు. ఎడమ చెవి తమ్మె దగ్గర ఇంకా కాస్త మొద్దుగానే ఉంది. తమ్మెలు మానాక పాత కన్నానికి కొంచెం పక్కగా మళ్ళీ కుట్టించుకున్నా, ప్రస్తుతం తేలికైన దిద్దులే, బుట్టలు పెట్టుకోవద్దన్నారు.

అడిగినవాళ్ళకి దాచకుండా చెప్పేస్తున్నా. మొన్న మా చెల్లెలి కొడుకు పెళ్ళిలో ఎవరూ ఒంట్లో బాగోలేదా అనలేదు, నిద్ర బాగా పడుతున్నట్టుంది నీకు అన్నారు కొందరు. మా వదిన మాత్రం పక్కకి పిలిచి తన కనురెప్పలు చూపించింది, నిజంగానే కంటిపాప మీదకి వచ్చేశాయి, టీవీ చూడాలంటే గడ్డం ఎత్తుతోంది. తనకి మెడ జోలికి వెళ్ళాల్సిన పని లేదు, రెప్పలు ఒక్కటే చాలనిపించింది నాకు. తను ఎకోస్ప్రిన్ వేసుకుంటుంది కాబట్టి ముందు గుండె డాక్టర్ని కలవమన్నా, కన్నీళ్ళ టెస్ట్, చూపు పక్కలకి ఎంత మేర ఆనుతుందో చూసే ఫీల్డ్ టెస్ట్ కూడా చేయించుకోమన్నా. నిజంగా చూపుకి అడ్డమొస్తున్నట్టు తేలితే అది సోకు కింద లెక్క కాదు, ఇన్సూరెన్స్ వాళ్ళని అడగడానికైనా కాగితం ఉంటుంది. వచ్చే నెల ఇద్దరం కలిసే వెళ్తున్నాం.